రోజూ మనల్ని మనం పరిశీలించుకోవడానికి చదవడం మేలా, రాయడం మేలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. రోజుకు ఒక అరగంట మాత్రమే మీకంటూ మిగులుతోంది. ఆ కాస్త సమయంలో మీ గురించి మీరు ఆలోచించుకోవాలని ఉంది. పుస్తకం చదివితే మనసు తేలికపడుతుంది గానీ మర్నాటికి ఏమీ గుర్తుండటం లేదు. డైరీ రాస్తే రోజూ అవే ఫిర్యాదులు, అదే ఏడుపు. రాసి లేచేసరికి మూడ్ ఇంకా పాడవుతోంది. రెండింటిలో ఒకదాన్నే రోజూ చేయాలంటే ఏది పట్టుకోవాలి?

ముందే చెప్పేస్తాను. ఒకటే అయితే రాయడాన్నే పట్టుకోండి. అయితే ఇప్పుడు రాస్తున్న పద్ధతి మార్చాలి, రాసే సమయం కూడా తగ్గించాలి. చదవడం మానేయమని నేను అనను. దానికి వేరే చోటు ఉంది, అది కింద చెప్తాను. నేను చాలా ఏళ్లుగా కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను. వచ్చినవాళ్లతో నోట్‌బుక్ పెట్టించడం, వాళ్లకు పుస్తకాలు సూచించడం రెండూ చేస్తుంటాను. ఈ రెండూ ఎక్కడ పనిచేస్తాయో, ఎక్కడ దారి తప్పుతాయో దగ్గరగా చూస్తూ వచ్చాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

రాయడం ఎందుకంటే, ఆత్మపరిశీలన చివరికి వచ్చి ఆగేది మన గురించి మనం ఒక నిజమైన వాక్యం చెప్పుకోవడం దగ్గర. "నా సలహా వద్దన్నందుకు నాకు బాధ లేదు, అందరి ముందు వద్దన్నందుకు కోపం వచ్చింది" అనేది అలాంటి వాక్యం. పుస్తకంలో అయితే ఆ వాక్యాన్ని ఇంకెవరో తయారుచేసి పెడతారు, మనం చదివి తలూపుతాం. ఊరికే కూర్చుని ఆలోచించినప్పుడు సగం సగం మాటలతోనే పని గడిచిపోతుంది. "వాళ్ల సంగతి తెలిసిందేగా" అనుకుని ముందుకెళ్లిపోతాం. కాగితం మీద అలా కుదరదు. ఎవరు, ఏం చేశారు, అప్పుడు నేనేం చేశాను అన్నది రాయాల్సి వస్తుంది. మనకు మనం దాచుకుంటున్న విషయం సాధారణంగా ఈ మూడో దాని దగ్గరే బయటపడుతుంది.

చదవడంలో చిక్కు అది మరీ హాయిగా ఉండటం వల్ల వస్తుంది. ఓపిక గురించి ఒక మంచి అధ్యాయం చదివి పుస్తకం మూస్తే, మనకూ కాస్త ఓపిక పెరిగినట్టే అనిపిస్తుంది. ఆ సాయంత్రమే ఇంట్లో ఎవరో అడిగిందే మళ్లీ అడిగితే విసుక్కుంటాం. చదివినదానికీ, విసుక్కున్నదానికీ మధ్య ముడి వేసినవాళ్లెవరూ లేరు. రచయితకు మన ఇల్లు తెలియదు, ఆ ముడి మనమే వేయాలి. మర్నాటికి ఏమీ గుర్తుండటం లేదని మీరు రాశారు. అది జ్ఞాపకశక్తి లోపమని నేననుకోను. చదివిన సంగతి మీ జీవితంలో ఏ ఒక్క సంఘటనకూ తగులుకోలేదు కాబట్టి జారిపోయింది.

నా దగ్గరకు వచ్చేవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. తమ సమస్యకు పేరు చెప్పగలరు, దాని మీద ఉన్న సిద్ధాంతాలు కూడా చెప్పగలరు. "సరే, పోయిన వారంలో అది ఎప్పుడు జరిగింది? ఒక్క సందర్భం చెప్పండి" అంటే ఆగిపోతారు. ఆ ఒక్క సందర్భాన్ని గుర్తుచేసుకుని చెప్పడం మొదలుపెట్టాకే మా పని ముందుకు కదులుతుంది.

ఇక మీ డైరీ సంగతి. మీకు జరుగుతున్నది చాలామందికి జరిగేదే, దాని మీద మంచి పరిశోధన ఉంది. సుసాన్ నోలెన్ హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన పరిశోధనలో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయానికే ఇచ్చారు: బాధలో ఉన్నప్పుడు ఆ బాధ చుట్టూనే మనసు గిరగిరా తిరగడం, దాని కారణాలనూ ఫలితాలనూ మళ్లీ మళ్లీ తవ్వుకోవడం, ఏమీ చేయకపోవడం. 1989లో కాలిఫోర్నియాలో లోమా ప్రియేటా భూకంపం వచ్చింది. అంతకు రెండు వారాల ముందే ఆమె కొందరు విద్యార్థుల మానసిక స్థితినీ, దిగులు వచ్చినప్పుడు వాళ్లు ఏం చేస్తారన్నదాన్నీ నమోదు చేసి ఉన్నారు. భూకంపం తర్వాత మళ్లీ చూస్తే, ముందునుంచీ ఇలా బాధ చుట్టూ తిరిగే అలవాటున్నవాళ్లలో ఏడు వారాల తర్వాత కూడా దిగులు లక్షణాలు ఎక్కువగా ఉన్నాయి. ఈ అలవాటు ఉన్న మనిషి చేతికి పెన్ను ఇస్తే ఆ తిరుగుడే పేజీ మీదకు వస్తుంది. అప్పుడు డైరీ ఆ అలవాటుకు రోజువారీ సాధన అయిపోతుంది.

మీ పేజీలు ఆ కోవలోకి వస్తాయో లేదో కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఈరోజు పేజీ మీద పోయిన వారం తేదీ వేసినా తేడా తెలియకపోతే అది ఒక గుర్తు. "ఎప్పుడూ", "ఎవరూ", "అందరూ", "నాకే ఎందుకిలా" అన్న మాటలు పేజీ నిండా ఉంటే అది ఇంకో గుర్తు. ఎదుటివాళ్ల గురించి తీర్పులు బోలెడు ఉండి, జరిగిన సంగతి మాత్రం ఒక్క లైను కూడా లేకపోతే ఇక సందేహమే అక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం వేరుచేసి చెప్పాలి. రాసిన వెంటనే మూడ్ కొంచెం దిగడం దానంతటది ప్రమాదం కాదు. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే మనస్తత్వ పరిశోధకులు 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు నాలుగు రోజులు వరుసగా, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలోని అతి బాధాకరమైన సంఘటన గురించి రాశారు. జరిగినదాన్నీ, దాని గురించి తమకు కలిగినదాన్నీ రెండూ కలిపి రాసినవాళ్లకు ఆ పూట మనసు బరువెక్కింది. కానీ తర్వాతి ఆరు నెలల్లో వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఆ తర్వాత ఇలాంటివి చాలా జరిగాయి. 2006లో 146 ప్రయోగాలను కలిపి చూస్తే మేలు ఉన్నట్టే తేలింది, అయితే సగటున అది చిన్నదే. కాబట్టి డైరీ మొదలుపెడితే జీవితమే మారిపోతుందని చెప్పేవాళ్లను నమ్మొద్దు. ఎవరికి మేలు జరిగిందన్నది అంతకన్నా ముఖ్యం. పెన్నెబేకర్ బృందం ఆ రాతల్లోని మాటలను లెక్కపెట్టి చూసింది. మొదటి రోజు నుంచి చివరి రోజుకు వచ్చేసరికి "ఎందుకంటే", "ఇప్పుడు అర్థమైంది" లాంటి కారణాన్నీ గ్రహింపునీ చెప్పే మాటలు పెరిగినవాళ్లు ఎక్కువ లాభపడ్డారు. అంటే రోజురోజుకూ రాత మారాలి. ఏడవడంలో తప్పు లేదు, నాలుగో రోజు కూడా మొదటి రోజు ఏడుపే ఉంటే మాత్రం పద్ధతి మార్చాలి.

ఎలా మార్చాలో చెప్తాను. మొదటిది, మూడ్ గురించి రాయకండి, ఒక్క సంఘటన గురించి రాయండి. అదీ పక్కన నిలబడి చూసిన మనిషి కూడా "అవును, ఇలాగే జరిగింది" అని ఒప్పుకునేలా. "అందరూ నన్ను చులకనగా చూస్తారు" అన్న వాక్యంతో ఏమీ చేయలేం. "ఈరోజు నేను మాట్లాడుతుండగా అతను ఫోన్ చూసుకున్నాడు. నేను మధ్యలోనే ఆపేశాను" అని రాస్తే పని మొదలైనట్టే. రెండో వాక్యం చూడండి. అక్కడ కర్త మీరు. ఎందుకు ఆపేశాను? ఆపకుండా ఉంటే ఏమవుతుందని భయపడ్డాను? చిన్నప్పటి నుంచీ ఇంతేనా, ఈ మనిషి దగ్గర మాత్రమేనా? ఈ ప్రశ్నలకు జవాబు మీ దగ్గర ఉంది. అతను ఫోన్ ఎందుకు చూసుకున్నాడన్నదానికి లేదు, ఎన్ని పేజీలు రాసినా రాదు. కౌన్సెలింగ్‌లో ఎవరైనా తమ డైరీ చదివి వినిపించినప్పుడు నేను చూసేది ఇదే. నేను అనే మనిషి ఏదో ఒక పని చేసిన వాక్యం అందులో ఉందా? ఒక్కటి ఉన్నా ఆ రోజు రాత పనికొచ్చింది.

రెండోది, బాధ మరీ దగ్గరగా ఉన్న రోజున "నేను" బదులు మీ పేరుతో రాయండి. "ఈరోజు ఫలానా ఆమెకు ఎందుకంత కోపం వచ్చింది?" అని. కొంచెం వింతగా ఉంటుంది, మొదట సిగ్గుగా కూడా అనిపిస్తుంది. కానీ మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, టెన్షన్ పెట్టే సందర్భానికి ముందు తమతో తాము సొంత పేరుతో మాట్లాడుకున్నవాళ్లు, "నేను" అంటూ మాట్లాడుకున్నవాళ్లకన్నా తక్కువ కంగారుపడ్డారు, ఆ తర్వాత దాని గురించే మథనపడటం కూడా తక్కువే. స్నేహితురాలికి మనం ఎంత సబబుగా సలహా చెప్తామో మీకు తెలుసు. పేరు రాయగానే ఆ దూరం మన విషయంలోనూ కొంత దొరుకుతుంది.

మూడోది, టైమర్ పెట్టుకోండి. పది, పన్నెండు నిమిషాలు చాలు. పది నిమిషాల్లో రానిది నలభై నిమిషాల్లో సాధారణంగా రాదు, పైగా పదిహేను దాటాక మనం చెప్పిందే మళ్లీ చెప్పడం మొదలవుతుంది. చివరి ఒక్క నిమిషం రేపటికి ఒక చిన్న పని రాయడానికి ఉంచుకోండి. ఎవరినో ఒక మాట అడగడమో, ఒక విషయం వదిలేయడమో, ఏదైనా సరే. "ఇక నుంచి ధైర్యంగా ఉంటాను" అన్నది పని కాదు. "రేపు అతను ఫోన్ చూసినా మాట పూర్తిచేస్తాను" అన్నది పని.

ఇప్పుడు చదవడం దగ్గరకు వస్తాను. నన్ను అడిగితే, మాట దొరకనప్పుడు దాన్ని మించింది లేదు. మనకు జరుగుతున్నదానికి మన దగ్గర పేరే ఉండదు కొన్నిసార్లు. దగ్గరి స్నేహితురాలికి మంచి జరిగింది, మనకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఆ గుచ్చుకున్నది అసూయ అని ఒప్పుకోవడానికి మనసు రాదు, ఎందుకంటే అసూయపడేది చెడ్డవాళ్లు అని మన లెక్క. అలాంటప్పుడు డైరీ ముందు కూర్చుంటే చేయి కదలదు, కదిలినా అబద్ధం రాస్తుంది. అదే ఒక నవలలో మనకు ఇష్టమైన మంచి మనిషి అలాగే అసూయపడటం చదివామనుకోండి, "ఓ, ఇది మామూలు మనుషులకూ వస్తుందా" అని ఊపిరి పీల్చుకుంటాం. ఆ తర్వాత రాయగలుగుతాం. అందుకే ఈ పనికి వ్యక్తిత్వ వికాసం పుస్తకాలకన్నా నవలలు, కథలు, ఆత్మకథలు నాకు ఎక్కువ నమ్మకం. వికాసం పుస్తకం ఏం చేయాలో చెప్తుంది. కథ ముందు చూడనిస్తుంది, సిగ్గుపడకుండా చూడనిస్తుంది. ఇందులో అతిశయోక్తికి పోకూడదు. సాహిత్య కథలు కాసేపు చదివినా ఎదుటివాళ్ల మనసు పసిగట్టే శక్తి పెరుగుతుందని 2013లో ఒక అధ్యయనం చెప్పింది, తర్వాత వేరే బృందాలు మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. నేను చెప్తున్నది అంత పెద్ద మాట కాదు. మన గురించి మనం రాసుకోవడానికి కథలు మాటలనూ, ధైర్యాన్నీ అందిస్తాయి, అంతే.

ఈ ఉద్దేశంతో చదివేటప్పుడు పేజీల లెక్క వదిలేయండి. ఎక్కడైనా గుచ్చుకున్నా, చిరాకు వచ్చినా అక్కడ ఆగండి. నచ్చిన వాక్యంకన్నా చిరాకు తెప్పించిన వాక్యం ఎక్కువ పనికొస్తుందని నా అనుభవం, ఎందుకంటే నచ్చిన వాక్యం మనం ముందే నమ్మేదాన్నే మళ్లీ చెప్తుంది. ఆగి, పుస్తకం మూసి, "ఇది నాకు ఎక్కడ జరిగింది?" అని ఒక్క వాక్యం రాయండి. పదహారో శతాబ్దపు ఫ్రెంచ్ రచయిత మోంటేన్‌కు కూడా మీలాగే చదివింది గుర్తుండేది కాదు. చదివిన పుస్తకాన్నే కొత్తదనుకుని మళ్లీ తెరిచేవాడట. అందుకని ప్రతి పుస్తకం చివర దాన్ని ఎప్పుడు ముగించాడో, దాని మీద తన అభిప్రాయమేమిటో క్లుప్తంగా రాసిపెట్టుకునేవాడు. వాక్యానికి అండర్‌లైన్ చేసి ముందుకెళ్లడంకన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. అండర్‌లైన్‌లో రచయిత మాట ఉంటుంది, చివర రాసిన రెండు లైన్లలో మనం ఉంటాం.

అసలు ఈ రెండింటి మధ్య తగువు కూడా పాతదే. రోమన్ తత్వవేత్త సెనెకా ఒక ఉత్తరంలో దీని గురించే రాశాడు. ఊరికే రాస్తూ పోతే శక్తి అయిపోతుంది, ఊరికే చదువుతూ పోతే శక్తి పలచబడుతుంది, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చేయాలి అన్నది ఆయన మాటల సారం. రోజూ రాత్రి దీపం తీసేశాక ఆ రోజు తను చేసినవీ, అన్నవీ ఒక్కొక్కటే తలచుకుని తనను తాను విచారించుకునే అలవాటు కూడా ఆయనకు ఉండేది. ఏదీ దాచుకోను, తప్పు కనిపిస్తే ఈసారికి క్షమిస్తున్నాను, మళ్లీ చేయకు అని చెప్పుకుంటాను అని రాశాడు. మీ డైరీలో తప్పిపోయిన స్వరం ఇదేనని నాకనిపిస్తోంది. మీరు రాసిన ప్రశ్న బట్టి చూస్తే మీరు పేజీ మీద ఎదుటివాళ్లనైనా తిడుతున్నారు, లేకపోతే మిమ్మల్నైనా తిట్టుకుంటున్నారు. పరిశీలించేవాడి గొంతు తిట్టేవాడి గొంతులా ఉంటే, లోపలి మనిషి నిజం చెప్పడు.

ఇంకొక చదవడం ఉంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. సొంత డైరీని తిరిగి చదవడం. రాసి మూసేసిన పేజీలు అలాగే ఉండిపోతే సగం ప్రయోజనమే. నెలకొకసారి, ఆ రోజు కొత్తగా ఏమీ రాయకుండా, పాత పేజీలు చదవండి. కొన్ని విషయాలు ఒక్కరోజు పేజీలో ఎన్నడూ కనిపించవు, నెల పేజీల్లో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మీరు పది విషయాల మీద ఫిర్యాదు చేశాననుకున్నది ఒకే మనిషి మీద ఫిర్యాదు అయి ఉండొచ్చు. గొడవలన్నీ నిద్ర తక్కువైన మర్నాడే జరిగి ఉండొచ్చు. ప్రపంచం మునిగిపోయిందనుకున్న సంగతి ఇప్పుడు గుర్తు కూడా లేకపోవచ్చు. చదివేటప్పుడు వేరే రంగు పెన్నుతో మార్జిన్‌లో రెండు మాటలు రాయండి, పాత రాతను మాత్రం దిద్దకండి. నన్ను అడిగితే చదవడం, రాయడం నిజంగా కలిసేది ఇక్కడే. ఈ ఒక్క అలవాటు లేని డైరీని నేను సగం డైరీ అనే అంటాను.

మరి మీ అరగంట సంగతి. మీ బుర్ర నిండుగా ఉంది కాబట్టి ముందు రాయండి, పన్నెండు నిమిషాలు. మిగతా సమయం చదవండి. ఈ వరుస మీకు ముఖ్యం. డైరీ మూసి నేరుగా మంచం ఎక్కడం వల్ల ఆ మూడ్ మీతోనే వస్తోంది. మధ్యలో పావుగంట ఇంకొకరి కథలోకి వెళ్లి వస్తే మనసుకు మీరు కాని మనిషి ఒకరు దొరుకుతారు. ఏమీ తోచని, మొద్దుబారిన రోజుల్లో వరుస తిప్పేయండి. ముందు చదివి, ఆగిన చోట నుంచి రాయండి. రాత్రి పడుకునే ముందు రేపటి పనుల టెన్షన్ ఎక్కువైతే ఆ రోజు ఆత్మపరిశీలన జోలికే పోకండి, రేపు చేయాల్సినవి వివరంగా రాసి పడుకోండి. బేలర్ విశ్వవిద్యాలయం నిద్ర ప్రయోగశాలలో 2018లో ప్రచురించిన అధ్యయనంలో, పడుకునే ముందు ఐదు నిమిషాలు చేయాల్సిన పనుల జాబితా రాసినవాళ్లు, చేసేసిన పనుల జాబితా రాసినవాళ్లకన్నా సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారు.

డైరీ ఇంట్లో ఎవరైనా చదువుతారేమో అన్న భయం ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ భయం ఉన్నంతకాలం మీరు ఆ చదివేవాళ్ల కోసం రాస్తారు. విడి కాగితం మీద రాసి చింపేయండి, నెలాఖరున చదవడానికి నోట్‌బుక్‌లో ఇతరులకు అర్థం కాని ఒక్క లైను మాత్రం ఉంచుకోండి. ఫోన్‌లో రాయడం సౌకర్యమే, నోటిఫికేషన్లు ఆపగలిగితే అభ్యంతరం లేదు.

ఒక హెచ్చరిక తప్పకుండా చెప్పాలి. ఈమధ్యే పెద్ద దెబ్బ తగిలి ఉంటే, దాని గురించి ఇప్పుడే రాయాలని పట్టుబట్టకండి. తలచుకుంటేనే ఒళ్లు వణికే విషయం ఒంటరిగా నోట్‌బుక్ ముందు తవ్వుకునేది కాదు. రెండు వారాలకు మించి ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, నిద్ర, ఆకలి దెబ్బతినడం ఉంటే సైకాలజిస్టునో, సైకియాట్రిస్టునో కలవండి. బతకాలని లేదన్న ఆలోచన పేజీ మీదకు వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పండి, డాక్టర్ దగ్గరకు వెళ్లండి. డైరీని వెంట తీసుకెళితే మాటలు వెతుక్కోనక్కర్లేదు, ఆ పేజీ చూపించవచ్చు.

అలాంటిదేమీ లేకపోతే, పైన చెప్పినట్టు మూడు వారాలు చేసి పేజీలు తిరగేయండి. మీరు ఏదో చేసిన వాక్యాలు, "ఎందుకంటే" అన్న మాట కనిపిస్తుంటే అలాగే కొనసాగించండి. అప్పటికీ ఎదుటివాళ్ల మీద తీర్పులు తప్ప ఏమీ లేకపోతే, ఇంకో మూడు వారాలు డైరీ పక్కన పెట్టి అరగంటా చదవండి, చివర మాత్రం ఆ రోజు ఆగిన చోటు గురించి ఒక్క వాక్యం రాయండి. ఆ తర్వాత మళ్లీ డైరీకి రండి. మధ్యలో కొన్ని రోజులు తప్పిపోతే వాటి బాకీ తీర్చడానికి కూర్చోకండి, ఆ రోజు జరిగిన సంఘటనతోనే మొదలుపెట్టండి.